చిన్న చెట్టు ఉండిన చోటు నుంచి

మనాగ్వాలో అడ్రస్ ఇలా చెబుతాం:
చిన్న చెట్టు ఉండిన చోటు నుంచి
సరస్సు వైపు రెండు వీధులు,
పొద్దుపొడుపు వైపు ఒకటి, నీలం గేటు.
చెట్టు లేదు.
మా అమ్మ కూడా దాన్ని చూళ్లేదు.
అయినా టాక్సీ నేరుగా వచ్చి ఆగుతుంది.

"మరి ఈ పెట్టెలకెందుకమ్మా నంబర్లు?
అన్నీ ఒక్క కప్పు కిందే కదా!"
నా నిచ్చెన కింద టార్చి పట్టుకుని
క్లినిక్ కాపలాదారు డోన్ ఎవులోహియో.

నన్ను పిలిపించింది ఓ కాగితం.
సోబెయిదా రక్తపరీక్ష
ల్యాబ్‌లో రావాల్సింది మందుల కౌంటర్లో వచ్చి
దగ్గుమందు బిల్లుల కింద మూడు రోజులు పడుకుంది.
ఆమె మూడు రోజులూ వచ్చి
ఏడో నెల కడుపు మీద చేతిసంచి పెట్టుకుని
బెంచీ మీద కూర్చుని వెళ్లింది.

రెండు ప్రింటర్లకీ ఒకటే నంబరు. చివర నలభై.
ఎవరో తొందరలో చేత్తో వేసేశారు.
ఎవరో కాదు. నేనే. మార్చిలో.

చూడండి డోన్, టాక్సీవాడికి నోరుంది.
దారి తప్పితే అద్దం దించి
అరటికాయ వేపుళ్లమ్మే ఆవిణ్ణి అడుగుతాడు.
తీగలో పోయే మాటకి నోరు లేదు,
ఏ చెట్టూ గుర్తు లేదు.
ముక్కలు ముక్కలుగా బయల్దేరుతుంది,
ఒక్కో ముక్క నుదుటా రెండు నంబర్లు:
ఎక్కణ్ణుంచి, ఎక్కడికి.
మొదటిది తప్పితే జవాబు తిరిగి రాదు.
రెండోది ఇద్దరిదైతే, ఇదిగో, దగ్గుమందు బిల్లులు.
మా క్లినిక్‌లో మొదటి మూడు భాగాలూ ఇంటిపేరు,
చివరిది సొంత పేరు.
ఇంటిపేరు వేరైతే రూటర్ చేతిలో పెట్టాలి,
గడప అవతలి సంగతి దానికే తెలుసు.

"ప్రతిదానికీ పుట్టుమచ్చ ఉంటుందన్నావు?"
ఉంటుంది, ఫ్యాక్టరీలో వేసింది.
పుట్టుమచ్చ చెప్పి ఇల్లడిగితే
పై ఊళ్లో ఎవరు చూపిస్తారు?

ఆయన టార్చి కాస్త వణికింది.
"భూకంపం తర్వాత మా నాన్న
ఇల్లుండిన చోట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.
ఉత్తరాలొస్తే
ఎవరో ఒకరు ఉండాలి కదా అని."

నేనేం అనలేదు.
మందుల కౌంటర్‌ని నలభై ఒకటి చేశాను.
ఉన్నావా? అని అడిగాను.
ఉన్నాను, అంది.
నలభై? ఉన్నాను.
ల్యాబ్‌లో ప్రింటరు గొంతు సవరించుకుని
సోబెయిదా కాగితం మళ్లీ తీసింది.

పైన అడ్రస్ గడిలో:
సినిమా హాలు ఉండిన చోటు నుంచి
దక్షిణానికి మూడు వీధులు, నల్లకుక్క ఇల్లు.
డోన్ ఎవులోహియో టార్చి వేసి చదివి
టోపీ పెట్టుకున్నాడు.
"ఆ కుక్క పోయిన్నెలే చచ్చిపోయింది"
అంటూ తిన్నగా అటే బయల్దేరాడు.