రెండు వేళ్ళ ఖాళీ

ముప్పైయొక్క ఏళ్ళు
లియెపాయాలో ఒకే ట్రాము నడిపాడు,
పోవడం, రావడం.
రిటైరయ్యాక మా గునార్స్
తిన్నగా ఉన్నదాన్ని దేన్నీ ఉండనివ్వడు.
విల్లో కొమ్మైనా, పాత కరెంటు తీగైనా
వంచి, కొసకు కొస ముడేస్తాడు.
మా తలుపుకి ఏడాది పొడుగునా దండే.

మార్చిలో పిల్లి పాదాల్లాంటి మొగ్గలు,
సెప్టెంబరులో ఎర్రటి రోవన్ కాయలు,
డిసెంబరంతా ఫర్ కొమ్మల జిగురు,
రొట్టె మీద కూడా.
ఫిబ్రవరిలో ఏమీ దొరక్క
నేను అల్లుకున్న వెల్లుల్లి జడ విప్పేశాడు.
వారం రోజులు
టపా తెచ్చే వినేటాకి
మా గుమ్మంలోకొస్తే ఆకలేసేది.

నవంబరులో మాత్రం మాట్లాడడు.
నాచుతో చిన్నది ఒకటి కడతాడు.
ఎవరికని నేనడగను.
ఆ చుట్టుకొలత నాకూ తెలుసు.

ఈసారి జూన్ పండక్కి
పెళ్ళినాటి తీగచుట్టు ఎక్కణ్ణుంచో తీసి
నా తల మీద పెట్టి చూశాడు.
"అప్పుడెంతో ఇప్పుడూ అంతే."
అబద్ధం. జుట్టు పల్చబడింది,
తీగకీ చెవికీ మధ్య
రెండు వేళ్ళు దూరాయి.

ఇంకేమీ అనకుండా ఆ ఖాళీలో
గుప్పెడు క్లోవర్ పూలు దోపాడు.
పండగ మంట దాకా అవి
రాలుతూనే ఉన్నాయి.
ఏరుకుంటూ నా వెనకే వచ్చాడు.