ఉత్పన్నం కాదు

చిత్తూరు కలెక్టరాఫీసు ఎదురు సందులో
నాది జిరాక్సు షాపు.
అర్జీలు, అఫిడవిట్లు, పుష్పవతి ఫంక్షను కార్డులు,
ఏడాదికి రెండు మూడుసార్లు
మా ఎమ్మెల్యే చెంగమ్మ ప్రశ్నలు.

ఆమె ఎప్పుడూ క్యాలెండరు వెనకే రాస్తుంది.
ఈసారి అయిపోయిన జూన్ నెలను చించి తెచ్చింది.
"గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడు రాత్రులు ట్రాక్టరు కింద పండుకున్నోడు ఒకడు.
కిలోకి మూడు రూపాయలు సర్కారు కలిపి ఇస్తే
అది పోయి పడేది మద్రాసులో ఫ్యాను కింద
పాసుబుక్కు పెట్టుకున్నోడి ఖాతాలో.
ఇదేం న్యాయమో అడగాల.
కొంచెం మర్యాదగా రాయి నాయనా."

మర్యాదగా రాయడమే నా బతుకుతెరువు.
పండుకున్నోడు 'కౌలుదారు' అయినాడు.
మూడు రాత్రులు కలిసి 'జాప్యము' అయినాయి.
తోతాపురి కుళ్లిన వాసనకి మాట దొరక్క
'ఇబ్బందులు' అని కొట్టినాను.
ఇదేం న్యాయం అన్నది
'ప్రభుత్వ దృష్టికి వచ్చినదా' దగ్గర తేలింది.
అ) అవునా?
ఆ) అయినచో, వివరములేవి?
ఇ) కానిచో, కారణములేవి?

సభలో ప్రశ్న వచ్చేనాడు
మొగిలప్ప షాపు మెట్టు మీద కూచున్నాడు.
ముంజేతుల నిండా మామిడి సొన కాల్చిన మచ్చలు.
నా ఫోన్లో సభ. చార్జింగు పదకొండు శాతం.

మంత్రి లేచినాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు.
అ) అవునండి.
ఆ) వివరములు సభాసమక్షంలో ఉంచడమైనది.
ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.
కూచున్నాడు.

"అధ్యక్షా, ఒక్క సప్లిమెంటరీ.
సాయం కాయ కోసినోడికా, కాగితం ఉన్నోడికా?"

మంత్రి నవ్వినాడు. నవ్వుకి కూడా నోట్సు ఉన్నట్టుంది.
"గౌరవ సభ్యురాలికి బంగారుపాళ్యం దగ్గర
పదెకరాల తోట ఉంది, అధ్యక్షా. కౌలుకిచ్చినారు.
ఆ తోట డబ్బు ఎవరి ఖాతాలో పడిందో
వారే సెలవిస్తే బాగుంటుంది."
బల్లలు చరిచినారు. అటువైపు ఎవరో ఈల కూడా వేసినారు.

ఫోన్లో చెంగమ్మ మొహం గోరంత.
మైకు పట్టుకొని ఊరికే నిలబడింది.
నెట్టు ఆగిపోయిందేమో అనుకున్నా.

"నా ఖాతాలోనే పడింది, అధ్యక్షా.
నేను ఒక్క కాయ కోయలేదు, ఒక్క రాత్రి మేలుకోలేదు.
అయినా నాకు పడింది.
నాకు పడిందంటేనే మీ లెక్క తప్పని
మంత్రిగారికి ఇంకెట్లా చెప్పేది?"

గంట కొట్టినారు.
తర్వాతి ప్రశ్న ఎక్కడిదో ఒక వంతెన గురించి.

మొగిలప్ప చాలాసేపు ఫోను వైపే చూసినాడు,
అది ఆరిపోయినాక కూడా.
"ఉత్పన్నమంటే ఏంది అబ్బా?"
"పుట్టడం."
"అంటే, పుట్టలేదంటాడా?"
బీడీ తీసినాడు, వెలిగించలేదు.
"నా ముందర పదిహేడు ట్రాక్టర్లు.
రెండో రాత్రి వాన పట్టింది.
తెల్లారేసరికి అడుగుకాయ నీరు కారతా ఉండె.
పారబోసేదానికి కూడా జాగా లేక
గంగాసాగరం దాకా తోలుకుంటా పోతిమి.
ఆ పొద్దు పుట్టింది అది.
నా కండ్ల ముందరే పుట్టింది."

ఆ కాగితం ప్రింటు ఒకటి కావాలన్నాడు.
వద్దన్నా రెండు రూపాయలు బల్లమీద పెట్టినాడు.
నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో తోసుకున్నాడు.

మెట్టు దిగి మళ్లీ వెనక్కి తిరిగినాడు.
"సరే గానీ,
ఆయమ్మ తన ఖాతాలో పడిన దుడ్లు
ఆ కౌలుచేసేవాడికి తిరిగిచ్చేసిందా?"

నాకు తెలియదు.
ఆ ప్రశ్న టైపు చెయ్యమని
ఇంతవరకు నా దగ్గరికి ఎవరూ తేలేదు.