ఆకు అడుగున

తెల్ల రుమాలు తడిపి
ఆకు అడుగున ఒక్కసారి దూసింది ఒడెస్సా టిల్లరీ.
గుడ్డ మీద నారింజ గీత.
మడత మార్చి ఇంకో మొక్కని దూసింది.
మళ్ళీ గీత.

జార్జియాలో జూలై. పొద్దున ఏడింటికే
గాలిని పిండితే నీళ్ళు కారేలా ఉంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఎర్రమట్టిలో డేలిల్లీలు పెంచుతోంది.
పేనుబంకకి సబ్బునీళ్ళు,
ఎర్రనల్లికి పైపు దెబ్బ,
తామరపురుగులు గీకిన మొగ్గల్ని కాడతో సహా తుంచడం.
ఈనె వెంట దిగే పసుపు చారనైతే
కసురుకోను కూడా కసురుకోదు:
ముసలాళ్ళ దగ్గులాంటిది, వానతో వచ్చి ఎండతో పోతుంది.
మొదలు కుళ్ళితే
తవ్వకముందే వాసన చెబుతుంది.

ఇది అలాంటిది కాదు.
ఇనుముకి పట్టాల్సింది ఆకుకి పట్టింది.
గాలెక్కి వస్తుంది, మోచేతికి అంటుకుని వస్తుంది.
కుక్క చెవుల మీద కూడా ఆ పొడే.
మొక్క చావదు, అదే తంటా.
చచ్చేదైతే ఒకసారి ఏడ్చి ఊరుకోవచ్చు.
పువ్వుకేమో ఏమీ పట్టదు,
పొద్దున విచ్చుకుంటుంది, రాత్రికి ముడుచుకుంటుంది,
రేపటి సంగతి రేపటి మొగ్గది.

కత్తెర తెచ్చింది.
నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి అన్నీ కోసేసింది,
పూలున్న కాడల్ని కూడా.
కోసినదంతా నల్ల సంచిలో కుక్కి మూతి బిగించింది.
పెంటకుప్పలో వెయ్యకూడదు, అక్కడ బతికి కూర్చుంటుంది.
పొదకీ పొదకీ మధ్య కత్తెరకి స్పిరిట్ పూసింది.
మధ్యాహ్నానికి మడి
పట్టాలంలో చేరిన కుర్రాళ్ళ తలల్లా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది మే నెల.
చర్చి కప్పు బాగుకోసం అమ్మిన పదహారు మొక్కలు.
సొరుగులోంచి నోటుబుక్కు తీసింది. పేర్లున్నాయి.

"నేను ఒడెస్సాని. ఆ పీచు రంగుది ఇచ్చానే,
ఒక తెల్లగుడ్డ తీసుకుని ఆకు కింద..."

ఒకావిడ నవ్వింది.
ఒకాయన "పూస్తోంది కదమ్మా" అన్నాడు.
లుటీషియా ఆరు డాలర్లు వెనక్కి అడిగింది, ఇస్తానంది.
ఇద్దరు ఎత్తలేదు. వాళ్ళ పక్కన చుక్క పెట్టుకుంది.

చివరి పేరు ఆల్మెడా గ్రిగ్స్.
పాటల బృందంలో ఎవరు ముందు నిలబడాలన్న గొడవ తర్వాత
మూడేళ్ళుగా మాటల్లేవు.
అయినా మొక్క కొనుక్కుంది, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి.

విన్నాక ఆల్మెడా చాలాసేపు పలకలేదు.
ఫోన్లో వాళ్ళింటి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
"జూన్‌లోనే చూశాను.
తుడిచాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచాను.
చెబితే పాత కోపంతో అంటున్నానని అనుకుంటావని..."

"ఎవరికైనా పిలక ఇచ్చావా?"

"అక్కకి. మొబైల్‌లో ఉంటుంది."

ఒడెస్సా పెన్సిల్ మొన నాలిక మీద అద్దుకుంది.
పదహారు కింద
పదిహేడు వేసింది.
"నంబరు చెప్పు,
మెల్లగా చెప్పు."