మట్టి గీత

కత్తి ఇంకా తియ్యకు, నెమెసియో.
ముందు కూర్చో.
నిలబడ్డవాడికి ఈ నేల ఏమీ చూపించదు.

మెస్కీట్ పొద కిందికి చెయ్యి పోనిచ్చేముందు
కర్రతో రెండుసార్లు తట్టు,
గిలకపాముక్కూడా నీడే కావాలి.
ఇప్పుడు చూడు.
కాదురా, అది జింక పెంటిక.
దాని పక్కన, బూడిదరంగులో,
చొక్కా నుంచి తెగి మట్టిలో సగం దిగిన బొత్తాంలా...
అదే పెయోటె.
ముళ్ళు లేని జెముడు.
ముళ్ళుండాల్సిన చోట నాలుగు దూదిపింజలు.
ఒళ్ళంతా చేదు,
ఆపైన దానికి తెలిసిన విద్య ఒకటే,
కనబడకపోవడం.

ఒకటి దొరికిందా, ఇక కళ్ళొస్తాయి.
ఇందాక ఖాళీ అన్నావే, అక్కడే తొమ్మిదున్నాయి.

నేను కాపురానికొచ్చిన ఏడు
మా మామ హిలారియోన్ గోనెసంచులతో తెచ్చేవాడు.
రేకుల షెడ్డు మీద ఆరబోస్తే
రేకు కనబడేది కాదు.
కోసిన చోటికి మళ్ళీ పదేళ్ళదాకా వెళ్ళేవాడు కాదు.
నియమమనుకునేదాన్ని.
అవసరం రాలేదంతే.
ఇప్పుడా గేట్లన్నిటికీ తాళాలు,
తాళం లేనిచోట బుల్డోజరు దున్ని పశువుల గడ్డి వేసింది.
మిగిలినచోటికి రాత్రిళ్ళు కంచె దూకి
పారతో వస్తారు.

పార ఎందుకో తెలుసా?
తొందరకి.

నాకెలా తెలుసంటావా.
మీ అన్సెల్మో మామయ్య లారెడో ఆసుపత్రిలో
గొట్టాల మధ్య పడుకున్న నెల
నేనూ పారే తీశాను.
అరవైమూడు, వేళ్ళతో సహా,
ముల్లంగి దుంపల్లా పెళ్ళగించి పోశాను సంచిలో.
గోడమీద సర్కారు లైసెన్సు
అద్దం వెనక నుంచి చూస్తూనే ఉంది.

కొనడానికి అరిజోనా నుంచి ఎల్డన్ నెజ్ వచ్చాడు.
ఒక పగలూ ఒక రాత్రీ బండి నడిపి,
జబ్బుపడ్డ మనవరాలి కోసం చేసే రాత్రి ప్రార్థనకని.
నవాహో పెద్దమనిషి, మాట తక్కువ.
సంచి విప్పాడు.
ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని
వేరుకంటిన మట్టిని బొటనవేలితో నిమిరాడు.
నన్నొక్క మాట అనలేదు.
డబ్బు లెక్కపెట్టి పూర్తిగా ఇచ్చేశాడు,
ఇచ్చి, బండి తియ్యడే!
"ఇవి పుట్టిన చోటు చూపించమ్మా" అన్నాడు.

పొద్దుగూకింది. లాంతరు నేను పట్టుకున్నాను.
ఆ ముసలాయన మోకాళ్ళమీద పాకుతూ
గుంట గుంటకీ ఒకటి చొప్పున దించి,
తను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు
మూతతో కొలిచి పోశాడు.
నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.
సిగ్గుకి నీళ్ళుండవు.

పొద్దున్నే వేరే గట్టుమీద
ఆయన కళ్ళముందే కోశాను, కత్తితో.
కోసేముందు ప్రతిదానితోనూ వంగి ఏదో చెప్పాడు.
ఏం చెప్పావని అడగలేదు.
మనం కోసేవాళ్ళం,
ఆ మాటలు మనవి కావు.

ఇటు చూడు.
ఆకుపచ్చ ఎక్కడ ఆగి గోధుమరంగు మొదలవుతుందో
అక్కడుంది గీత.
గీతకి పైన, అడ్డంగా, ఒక్క కోత.
గాయం ఎండి మానుతుంది,
తల పోయినచోట రెండో మూడో తలలు లేస్తాయి,
అవి ఎదిగేసరికి నీకు మీసాలు నెరుస్తాయి.
వేలిమందం కిందికి జారావా,
కుళ్ళు లోపలికి పాకుతుంది.
బొటనవేలి గోరంత పిల్లల జోలికి పోకు.
గులాబిరంగు కాయ కనబడితే
గింజలు అక్కడే నలిపి రాల్చు.
గుంపులో సగమే మనది.
ఆ సగం కూడా, లెక్క సరిగ్గా రాకపోతే, తక్కువ వైపే.

అరవైమూడింట్లో బతికినవి పంతొమ్మిది.
నెజ్ మళ్ళీ రాలేదు,
మనవరాలి సంగతి నాకు తెలియదు.
ఏటా వానలయ్యాక వచ్చి లెక్కపెట్టి పోతాను.

నీ ఎడమ మోకాలు కొంచెం జరుపు.
ఆ, దాని పక్కదే ఒకటి.

సరే, లే.
కత్తి ఇక్కడ కాదు,
ఆ కంచె దాటాక తీద్దువుగాని.