దానయ్య వాటా

శక్తి పుట్టదు, చావదు, రూపం మార్చుకుంటుందని
ఏడో తరగతి నల్లబల్ల మీద రాశాను.
కిటికీ అవతల జాలరిపేట.
పాత వలల మీద కవ్వలు ఎండుతున్నాయి,
వాటి వాసన వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

వెనక నుంచి నూకాలు చెయ్యెత్తాడు.
"టీచరూ, మా తాత యాభయ్యేళ్ళు తెడ్డేశాడంట.
ఇప్పుడు టీ గ్లాసెత్తితే సగం ఒలికిపోతాది.
ఆ బలవంతా ఏటైపోనాది మరి?"

పుస్తకంలో జవాబుంది.
తాతే లేడు అందులో.

సాయంత్రం వెళ్ళాను. ఒడ్డుకి లాగిన తెప్ప నీడలో
మైలపల్లి దానయ్య, మోకాళ్ళ మధ్య చేతులు దాచుకుని.
ఇసక మీద వేలితో గీస్తూ మొదలుపెట్టాను:
ఎండ నీళ్ళ మీద పడుతుంది కదా తాతా,
కంటికానని పచ్చటి నలుసులు దాన్ని తింటాయి,
నలుసుల్ని కవ్వలు తింటాయి, కవ్వల్ని నువ్వు.
చింతపండు పులుసులో ఉడికిన ఆ ఎండే
నీ దండచేతిలో కండయింది,
కండ తెడ్డుని తోసింది, తెడ్డు నీటిని తోసింది,
ఆ నీరు పక్క నీటిని రాసుకుంటూ, రాసుకుంటూ...

ఇక్కడ ఎప్పుడూ తడబడతాను.
అల ఆగిపోయాక ఏం మిగులుతుందో
చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.
వేడి, అన్నాను. చేపక్కూడా తెలీనంత.
నీ బలం అక్కడే ఉంది తాతా, నీళ్ళలో, వెచ్చదనమై.

బాకీ ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు
సముద్రాన్ని చాలాసేపు చూశాడు.
"నీల్లు ఏడెక్కితేనే గదమ్మా తుపాను లేస్తాది?"
అవునన్నాను.
"అయితే హుద్‌హుద్ నాడు నా రేకుల పాకని
ఎత్తుకుపోయిన గాల్లో నా వాటా కూడా ఉన్నట్టేనా?"

కాదనలేకపోయాను. ఉప్పురవ్వలో వెయ్యోవంతు ఉండొచ్చు.
దగ్గొచ్చేదాకా నవ్వాడు, బోసినోటితో.
"నా కొంప నానే కూల్సుకున్నానన్నమాట.
మా ముసల్దానికి సెప్పకు."

ముసలమ్మ, కాసులమ్మ, ఆ తుపాను తర్వాత
కరెంటు లేని రోజుల్లో ఏం చేసిందో నాకు తెలుసు.
బీచిరోడ్డు మీద కూలిన బాదం కొమ్మల్ని
ఈడ్చుకొచ్చి పొయ్యిలో పెట్టింది.
పచ్చికట్టె. కళ్ళు మండే పొగ.
ఎన్నో వేసవులుగా ఆకులు దాచిన ఎండ
చిటపటలాడుతూ గంజి కాచింది.
అప్పుడు నూకాలు ఏడాది గుంటడు.
ఆ గంజి తాగిన చెయ్యే ఇవాళ
నా తరగతిలో పైకి లేచింది.

తాతకి చెప్పనిది ఒకటుంది.
హార్బరు వేలంపాటలో బుట్ట చేతులు మారిన ప్రతిసారీ
ఒక చేప తగ్గుతుంది, అడిగితే ఎవరూ తియ్యలేదంటారు.
ఎండ కూడా అంతే.
మొత్తం లెక్క సరిపోతుంది,
కానీ చెల్లాచెదురైన వేడిని పోగుచేసి
మళ్ళీ ఒక్క తెడ్డయినా వెయ్యలేం.
ఆ మాట నల్లబల్ల మీద కూడా రాయలేదు నేను.
పరీక్షలో రాదు.

చీకటి పడింది. ఏడాదిలో ఏ నాలుగు రోజులో
నీళ్ళు మెరిసే రాత్రులుంటాయి ఇక్కడ, అది అలాంటిది.
నూకాలు అలని తన్నాడు,
కాలి చుట్టూ నీలంగా భగ్గుమంది.
మధ్యాహ్నం బడిలో తిన్న గుడ్డు
తాపై, అలై, వెలుగై,
లెక్క వేసేలోపు ఆరిపోయింది.

"నన్నూ తీసుకెల్రా" అన్నాడు తాత.
చెరో రెక్కా పట్టుకున్నాం.
వంగి, కుడిచెయ్యి నీళ్ళలో పెట్టాడు.
పిల్లాడు తన్నితే ఒకసారే మెరిసింది.
ఈ చెయ్యి వణుకుతూనే ఉంటుంది కదా,
వేళ్ళ సందుల్లో వెలుగు ఆగనే లేదు.

చాలాసేపటికి,
"సల్లగున్నాయిరా నీల్లు" అన్నాడు.
అంటే చేతిలో వేడి మళ్ళీ బయల్దేరింది.
ఎక్కడికో అడుగుతాడేమోనని చూశాను.
తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని
టీ తాగుదామన్నాడు.