ఎదురద్దం

కొంగారెడ్డిపల్లె కల్యాణమండపం,
నాలుగో రౌండు, పదమూడో బల్ల.
నాకెదురుగా పలమనేరు పిల్ల తస్లీమా.
ఐదో తరగతంట,
కాళ్ళింకా నేలకు ఆనడం లేదు.

నాది తెల్లపావు.
నడిమి బంట్లతో మొదలుపెట్టే అలవాటు లేదు నాకు.
పక్కబంటును రెండు గళ్ళు తోసినాను.
అదే బంటు, అదే రెండు గళ్ళు తోసింది.
గుర్రాన్ని దించినాను. దించింది.
శకటును మూలకు ఒదిగించినాను. ఒదిగించింది.
కోట కట్టినాను, కట్టింది.
ఎడంచేతి వాటం పిల్ల.
నేను చెయ్యెత్తితే
అద్దంలో చెయ్యి లేచినట్టే ఉండాది.

ఇరవయ్యారేండ్లుగా కట్టమంచిలో సెలూను నాది.
ముందొక అద్దం, వెనకొక అద్దం,
నడుమ కూర్చున్నోడు ఒకడే వందమందై
వరసగా లోపలికి పోతా ఉంటాడు.
చూసీ చూసీ నాకు తెలిసిందొకటే:
ఏ మొహమూ రెండుపక్కలా ఒకటి కాదు.
ఒక చెవి ఎప్పుడూ వెంట్రుకవాసి కిందికుంటాది.
దాన్ని దాచేదానికే కత్తెర.

మరి ఈ బల్లకు ఆ చెవి ఎక్కడ?
నడిమి నాలుగు గళ్ళూ
కొత్తగా గీసిన గుండు మాదిరి నున్నగా.
మునిరత్నం సారు చెప్పుల చప్పుడు.
బయట తోతాపురి లారీ వెనక్కొస్తా కూత.
గడియారంలో నా పక్కది తిరుగుతా ఉండాది,
ఆమెది ఆగి ఉండాది.
అదే. అదొక్కటే తేడా.
వంతు నాది.

ఏడో ఎత్తుకు
మంత్రి ముందరి బంటును నడిమికి తోసినాను,
రెండు గళ్ళు.
తస్లీమా జడకొస నోట్లో పెట్టుకుని
చాలాసేపు చూసింది.
ఇంక నన్ను చూసి ఆడేదానికి కుదరదు.
పాపం, అనుకున్నా.

కొట్టింది. కొట్టినాను.
ఒక జత గుర్రాలు పోయినాయి,
నా మంత్రి నడిబజార్లో నిలబడింది.
అప్పుడు
నేను రెండు గళ్ళు తోసిన బంటును
తను ఒక్క గడి జరిపింది.
ఒక్కటే.
నా మెడ వెనకాల ఎవరో
కత్తిని తోలుకు సానబట్టినట్టయింది.

నలభైమూడో ఎత్తుకు ఓడిపోయినా, ఒక బంటు తేడాతో.
కుడిచెయ్యి చాపినాను.
ఎడంచెయ్యి చాపి, నాలిక కరుచుకుని, మార్చుకుంది.
"అంకుల్, అంత తొందరగా ఎందుకు మార్చేసినారు?
ఇంకా కొంచెంసేపు
అట్లే ఆడుకుందామనుకున్నా."