పట్టుకుంది

సుబేదారిలో లేబరు ఆఫీసు ఎదురుంగ
జిరాక్సు షాపు రేకు కింద నా బల్ల.
తెలుగు వాంగ్మూలాలను ఇంగ్లీషు చేస్త,
పేజీకి అరవై రూపాయలు.
ఏడుపుకు వేరే రేటు లేదు.

ఆ పొద్దు బుచ్చవ్వ వచ్చింది,
ఎనుమాముల దాటినంక జిన్నింగు మిల్లుల పత్తి ఎత్తే మనిషి.
వెంట ఓదెమ్మ. కుడిచేతి మీద తువ్వాల.
ఆ చెయ్యి ఎంత దాకా ఉందో నేను చూడలే,
తువ్వాలే చెప్పింది.

"చిక్కువడ్డ పత్తి తియ్యవోయింది సారు.
పట్టుకుంది.
ఇడువలే."

మొదటి వాక్యం అలకగ దాటింది.
రెండోదాని కాడ నా వేళ్లు ఆగినయి.
ఎవరు?
ఇంగ్లీషు ఊకెనే లోపలికి రానియ్యదు,
గేటు కాడ వాచ్‌మన్ లెక్క నిలవడి
ముందు కర్త పేరు చెప్పు, పని సంగతి తర్వాత అంటది.
ఆమె పట్టుకుంటే నిర్లక్ష్యం.
అది పట్టుకుంటే ప్రమాదం.
నడుమ ఆరు లక్షలు.

మన క్రియకు ఆ తిప్పలు లేవు.
ఓదెమ్మ వచ్చింది. బర్రె వచ్చింది. బస్సు వచ్చింది. జరం వచ్చింది.
మొగోడొస్తేనే 'వచ్చిండు' అని తోక మారుతది.
యాభై ఏండ్ల సంది ఈ భాషల బతుకుతున్న,
ఆడమనిషికి, మిషనుకు ఒకటే తోకని
ఆ పొద్దు దాకా నాకు తట్టలే.
చూసిండ్రా, తట్టుడు కూడా నా పని గాదు,
ఎక్కడినుంచో అదే వచ్చి నాకు తట్టాలె.
ఆకలి నాకు అయితది, కోపం నాకు వస్తది,
నేను ఉత్తగ షష్ఠీ విభక్తి అరుగు మీద కూసోని ఉంట.

పక్క బల్ల ఖదీర్ భాయ్ టైపు ఆపి అన్నడు:
"హమారే మే దేఖో, కట్ గయా ఒకటి, కాట్ దియా ఒకటి.
గయా అంటే అల్లా మర్జీ. దియా అంటే ఠాణా."
మాకూ ఉన్నయి భాయ్.
తెగింది, తెంపిండు. పలిగింది, పలగ్గొట్టిండు.
గని మా ఇంట్ల కప్పులన్నీ పలిగినయే,
ఒక్కలం గూడ పలగ్గొట్టలే.
ముప్పై ఏండ్లల్ల ఎన్ని కప్పులు
ఎవరి మీదా చీటీ రాయకుండ దూకి సచ్చినయో.

కర్త కనవడకపోతే
కర్మ అని ఊకుంటం.
వ్యాకరణంల కర్మ వేరు, నొసటి మీది కర్మ వేరని
బడిల సారు చెప్పిండు,
మిల్లుల ఎవరూ చెప్పలే.

మిల్లోళ్ల వకీలు కాగితం మాత్రం పుట్టుడే ఇంగ్లీషుల పుట్టింది.
దాంట్ల ఓదెమ్మ కర్త.
వాక్యం మొదట్లనే కుర్చేసి కూసోవెట్టిండ్రు.
ఆమెకు ఆ మిల్లుల కుర్చేసుడు
అదే మొదలు.

"అవ్వా, పట్టుకున్నది ఆమెనా, మిషనా?"
బుచ్చవ్వ పిచ్చోన్ని చూసినట్టు చూసింది.
"గంత మిషన్‌ను ఆమె యేడ పట్టుకుంటది సారు?
పట్టుకుంది అంటే తెల్వదా?"

తెలుసు. వరంగల్ మొత్తం తెలుసు.
తెలిసినదాన్ని ఎట్ల రాయాల్నో తెల్వదు.

'అది' అని కొట్టిన.
ఇగ మూడోది. ఇడువలే.
దానికి అసలు తోకనే లేదు.
నేను, నువ్వు, వాడు, మిషను,
ఎవరు ఇడువకపోయినా ఇడువలేనే.
మళ్ల 'అది' అని కొట్టబోతున్న.

అప్పటిదాకా నోరు మెదపని ఓదెమ్మ
ఎడమచేత్తో తువ్వాల సదురుకున్నది.
"చెయ్యి పోలే సారు.
పోనిచ్చిండ్రు."

ఇండ్రు.
మనుషుల తోక.
బంద్ చెయ్యుండ్రని ఒర్లంగ స్విచ్చు కాడ నిలవడి చూసినోళ్లు,
మూత ఊడి మూడు నెలలైనా బిగియ్యనోళ్లు,
ఆ పూట బేళ్లు ఎన్నయినయో రాసుకుంటున్నోళ్లు,
ఒక్కొక్కలే ఆ రెండక్షరాలల్లకెల్లి దిగిండ్రు.

ఇంగ్లీషుల దానికి నాలుగు మాటలు పెట్టి చూసిన.
ఒకటి మరీ మెత్తగుంది.
ఒకటి సెలవిచ్చినట్టుంది.
లోపల్నుంచి పిలిచిండ్రు. ఖదీర్ భాయ్ ఇంకు డబ్బి తీసిండు.
బుచ్చవ్వ బొటనవేలు తుడుసుకొని తయారుగున్నది.
మిషన్ కాగితాన్ని పట్టుకొనే ఉన్నది,
ఆఖరి వరుస తెల్లగ.
ఓదెమ్మ నా వేళ్ల దిక్కు చూస్తున్నది,
పదింటినీ లెక్కవెడుతున్నట్టు.